ఖుష్ మహల్ నుంచి వీఆర్ఎఫ్ దాక: ఓరుగల్లుల ఠండీ హవా తారీఖ్

వరంగల్ ఖిలాకు పోయినోళ్లు కీర్తి తోరణాల కాడ ఫోటోలు దిగి వాపస్ వచ్చేస్తరు. కొంచెం అవతల ఖుష్ మహల్ ఉంటది, దాని గోడలను నిలబడి చూసేటోళ్లు తక్కువ. ఆ గోడలు నిట్టనిలువుగ ఉండవు, పైకి పోయినకొద్దీ లోపలికి వాలి ఉంటయ్. అది తుగ్లక్ జమానా తర్జ్. ఢిల్లీల గియాసుద్దీన్ తుగ్లక్ మఖ్బరా కూడా గట్లనే ఉంటది. మన దిక్కు జనం దీన్ని షితాబ్ ఖాన్ మహల్ అంటరు గాని, 1323ల ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును గెలిచి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టిన తర్వాతి రోజుల్లనే కట్టిండ్రని తారీఖ్ చదివినోళ్లల్ల చాలామంది మాట. ఆ ఉలుగ్ ఖానే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయిండు.

ఎవరు కట్టినా, గర్మీ సంగతి తెలిసి కట్టిండ్రు. మందపాటి రాతి దీవార్లు, ఎత్తైన కమాన్లు, నడుమల హౌజ్. రాయి పొద్దంత ఎండను తాగుతది, లోపలికి రానియ్యదు. ఆ వేడి గోడ దాటి లోపలికి వచ్చేసరికి రాత్రి అయితది, అప్పటికి దర్బార్ అయిపోయి అందరు ఎల్లిపోతరు. వేడి హవా పైకి పోతది, మనుషులుండే కాడ చల్లగ ఉంటది. హౌజ్ నీళ్లు ఆవిరైతుంటే ఇంకింత ఠండక్. కరెంటు లేదు, మిషన్ లేదు. ఇమారతే మిషన్.

ఇప్పుడు హన్మకొండ చౌరస్తా దిక్కు, నక్కలగుట్ట దిక్కు లేస్తున్న కమర్షియల్ బిల్డింగులు చూడండి. పడమర మొఖాన పైనుంచి కిందిదాక అద్దం. తొమ్మిదించుల గోడ, దాని మీద పల్చటి స్లాబు. ఆ కాంక్రీట్ ఛత్ మధ్యాహ్నమంత కాలి, సాయంత్రం ఏడు గంటల నుంచి ఆ వేడిని లోపలికి వదులుతది. బట్టల దుకాణంల గిరాకీ జోరుగ ఉండేది గప్పుడే. తుగ్లక్ మిస్త్రీ ఏ టైముకు వేడి లోపలికి రావాల్నో హిసాబ్ చేసిండు. మనం ఆ హిసాబ్ మిషన్ మీద ఏసినం, బిల్లు మన మీద ఏసుకున్నం.

గర్మీల ఇమారత్‌ను ఎట్ల చల్లబర్చాల్నన్న సవాల్ మనవాళ్లకు కొత్తది కాదు. బాగ్దాదుల అబ్బాసీల కాలంల తడిపిన ముతక గుడ్డలు వేలాడదీసి హవాను చల్లబర్చేటోళ్లు. ఇరాన్‌ల యజ్ద్ షహర్ బాద్‌గీర్లు పైన పోయే గాలిని పట్టి కిందికి దించుతయ్. అక్బర్ జమానా సంగతి ఆయిన్-ఎ-అక్బరీల అబుల్ ఫజల్ రాసిండు. సూరేకారం కలిపిన నీళ్లల్ల సురాహీ తిప్పి తాగే నీళ్లను చల్లబర్చుడు, వట్టివేళ్ల తడికెలతోని కమ్రాలు కట్టి వాటి మీద నీళ్లు చల్లుడు, అన్నీ అండ్ల ఉన్నయ్. ఖస్ టట్టీ అంటె గదే. మన ఇండ్లల్ల డబ్బా కూలర్‌కు పెట్టే గడ్డి మెత్తలు దాని ఔలాదే.

కూలర్ అయినా ఖస్ టట్టీ అయినా పొడి హవాల్నే పనిచేస్తది. ఏప్రిల్, మే నెలల్ల ఓరుగల్లు గాలి ఎండిపోయి ఉంటది కాబట్టి నీళ్లు జల్ది ఆవిరైతయ్, చల్లబడుతది. జూన్‌ల వాన మొదలైనంక హవాల్నే తేమ ఉంటది, ఇగ కూలర్ పెట్టినా ఉక్కపోతే. అందుకని గోదాములకు, వర్క్‌షాపులకు, తలుపులు తెరిచి ఉండే హోటళ్లకు ఇప్పటికీ పెద్ద కూలర్లే ఫాయిదా. తలుపులు మూసుకునే షోరూముకు గవి పనికిరావు.

తెల్లోళ్ల జమానాల కచేరీల, బంగ్లాల ఛత్‌కు పంఖా వేలాడేది. దాని తాడు గోడల రంధ్రం నుంచి వరండాలకు పోయేది. ఆ కొసకు ఒక మనిషి. పొద్దంత, రాత్రంత లాగాలె. కునుకు తీస్తే దెబ్బలు. దొరల దెబ్బలకు పంఖావాలాలు సచ్చిపోయిన కేసులు కోర్టులదాక పోయినయ్, మామూలు జుర్మానా ఏసి వదిలేసిన కేసులు కూడ ఉన్నయ్. చల్లటి హవా లోపల ఒకరికి, చెమట బయట ఇంకొకరికి. ఏసీ తారీఖ్ రాసేటోళ్లు ఈ తాడు సంగతి రెండు ముక్కల్ల తేల్చేస్తరు.

తర్వాత బర్ఫ్ వచ్చింది. 1833ల అమెరికా బోస్టన్ నుంచి ఒక జహాజు కలకత్తాకు బర్ఫ్ ఏసుకొని వచ్చింది. చలికాలంల గడ్డకట్టిన చెరువుల నుంచి కోసిన బర్ఫ్ అది. దాదాపు 180 టన్నులు బయలెల్లితే సుమారు 100 టన్నులు చేరినయ్, నాలుగు నెలల సఫర్ల మిగిలింది కరిగిపోయింది. మద్రాసుల 1842 నాటి ఐస్ హౌస్ ఇమారత్ ఇప్పటికీ నిలబడే ఉంది. ఈ బర్ఫ్ మనల్ని ఇప్పటికీ వదలలేదు. ఏసీ దుకాణంల “టన్నున్నర” అంటరు కదా, ఆ టన్ను మిషన్ బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను, అంటె సుమారు 907 కిలోల బర్ఫ్, 24 గంటల్ల కరుగుతూ ఎంత వేడి గుంజుకుంటదో అదే ఒక టన్ను. గంటకు 12,000 బీటీయూలు, కరెంటోళ్ల లెక్కల దాదాపు మూడున్నర కిలోవాట్లు.

ఇగ అసలు మిషన్. 1902ల న్యూయార్క్ బ్రూక్లిన్‌ల ఒక ప్రింటింగ్ ప్రెస్‌కు విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీర్ ఇంతెజామ్ చేసిండు. తేమకు కాగితం సాగి, ముడుసుకొని, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గ పడకపోయేటివి. మనుషుల గర్మీ ఫిక్ర్ ఎవరికీ లేదు, కాగితం ఫిక్రే. “ఎయిర్ కండిషనింగ్” అన్న మాట 1906ల స్టువర్ట్ క్రామర్ పెట్టిండు. ఆయన పని బట్టల మిల్లులల్ల. పొడి హవాల నూలు దారం తెగుతది కాబట్టి సాంచాల షెడ్డుల తేమ కావాలె. ఆ మాట పుట్టింది దారం కోసం.

ఇది చదివితే నాకు మన ఆజం జాహీ మిల్లే యాదికొస్తది. 1934ల మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జమానాల, ఆయన పెద్ద కొడుకు పేరు మీద మొదలైంది. ఎన్ని ఖాందాన్లు ఆ భోంగా మోతకు లేచి, ఆ తన్ఖాతోని బతికినయో వరంగల్ బుజుర్గులను అడగండి. బట్టల మిల్లు ఏడిదైనా షెడ్డు సంగతి ఒకటే. నూలుకు తేమ కావాలె, మజ్దూర్‌కు గాలి కావాలె. దారానికి మంచిదైన హవా మనిషికి ఉడుకుతున్న దేగ్ లెక్క ఉంటది. ఇంగ్లండ్‌ల షెడ్లల్ల ఆవిరి వదిలి మజ్దూర్లను ఉడకబెడుతుంటే, దానికి హద్దు పెట్టుతూ 1889ల ఖానూన్ తెచ్చిండ్రు. మన దేశంల 2025 దాక నడిచిన 1948 ఫ్యాక్టరీల చట్టంల 15వ సెక్షన్ మొత్తం దీని మీదనే ఉండేది. నకిలీ తేమ ఎంత ఉండాలె, దానికి ఏ నీళ్లు వాడాలె అని. ఆజం జాహీ మిల్లు నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి పోయి, చివరికి మూతపడ్డది. 2017ల గీసుకొండ, సంగెం దిక్కు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది ఏసిండ్రు. అండ్ల పనికి పోయే మన పోరగాండ్లకు, పోరీలకు ఈ తేమ సంగతి తెలిసి ఉండాలె.

మనుషుల కోసం ఏసీ సినిమా హాలుతోని మొదలైంది. 1925ల న్యూయార్క్ రివోలీ థియేటర్‌ల పెట్టినంక, ఎండకాలం ఖాళీగ ఉండే హాళ్లు నిండినయ్. చల్లదనమే టికెట్ అయింది. ఇయ్యాల జేపీఎన్ రోడ్డు బట్టల షోరూము చేసేది కూడ గదే బేరం.

మన ఖాందాన్లల్ల ఈ సవాల్ కితాబుల్ల ఉండేది కాదు. సౌదీల ఇరవై ఏండ్లు కమాయించి వచ్చిన అన్న రోడ్డు మీద జాగల నాలుగంతస్తుల కాంప్లెక్స్ ఏస్తడు. మొహల్లా కమిటీ చందాలు జమ చేసి షాదీఖానా కడుతది. ఆర్కిటెక్ట్ అడుగుతడు: “ఏసీ ఏం పెడ్దాం?” అప్పుడు దుకాణపోడు చెప్పేది ఒకటే ఫార్ములా, ఇన్ని చదరపు అడుగులకు ఒక టన్ను. ఆ ఫార్ములా పడకగదికి నడుస్తది, షాదీఖానాకు నడవది.

ఎందుకో హిసాబ్ చూడండి. ఊరికె కూసున్న మనిషి ఒంట్లకెల్లి 100 వాట్లకు పైనే వేడి వస్తది. వెయ్యిమంది మెహమాన్లు వచ్చిన దావత్‌ల ఉత్త మనుషుల వేడికే దాదాపు 33 టన్నులు పోతయ్. దాని మీద లైట్లు, బిర్యానీ దేగుల పొగలు, తెరుచుకుంట మూసుకుంట ఉండే తలుపులు, మండిన ఛత్. అసలు ఖర్చు ఇంకోటి ఉంది: అంతమంది ఊపిరి పీల్చే కాడ బయటి తాజా హవా లోపలికి తేవాలె. మే నెల 43 డిగ్రీల గాలిని తెచ్చి చల్లబర్చుడంటె చిన్న పని కాదు. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, లోపలి గాలినే తిప్పితిప్పి చల్లబర్చుతది. గోడల పొంటి ఇరవై స్ప్లిట్లు పెట్టిన హాల్ల రాత్రి పది గంటలకు తలనొప్పి లేస్తది కదా, కారణం గదే. షాదీఖానాకు డక్టులతోని తాజా హవా కలిపి ఇచ్చే ప్యాకేజ్ యూనిట్లు నయం. లోడు ఇంకా పెద్దదైతే ఎయిర్ కూల్డ్ చిల్లర్.

ఇంకో మాట. షాదీఖానా నెలకు ఎన్ని రోజులు నడుస్తది? ముహర్రంల, రంజాన్‌ల తాళమే. పెద్ద లోడు కాంట్రాక్ట్ తీసుకుంటె, వాడినా వాడకున్నా నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీ కట్టాల్సిందే. అందుకని కమిటీవాళ్లు మిషన్ ధర అడిగేముందు ఆ చార్జీ అడగాలె. చిన్న నికాహ్‌కు సగం హాలు చాలనుకుంటె, నడుమ పార్టిషన్ ఏసి సగం మిషన్లే నడిచేటట్టు చూసుకోవాలె.

మల్గీలు కిరాయికి ఇచ్చే కాంప్లెక్స్ సంగతి వేరే. అండ్ల ఎవరి మీటరు వాళ్లది, ఎవరి స్ప్లిట్ వాళ్లది ఉండుడే మంచిది. అందరికీ కలిపి ఒక ప్లాంటు పెడితే, బిల్లు పంచుకునే రోజు కిరాయిదార్ల నడుమ జగ్డా ఖాయం. అదే మూడంతస్తుల షోరూము ఒక్కడిదే అయితే వీఆర్ఎఫ్ చూడొచ్చు. 1982ల జపాన్ డైకిన్ కంపెనీ తెచ్చిన తరీఖా ఇది. బయట కొద్ది యూనిట్లు, లోపల ఎన్నో, ఏ అంతస్తుల ఎంత జరూరత్ ఉంటె అంతే గ్యాసు పంపుతది. పగలు గిరాకీ పల్చగ, సాయంత్రం భారీగ ఉండే దుకాణానికి కరెంటు ఆదా అయితది. నుక్సాన్ ఏందంటె, పొడుగు పైపుల ఏడ లీకైనా ఆ లైన్ మీదున్నవన్నీ బంద్. బోర్డు పోతే ఆ కంపెనీ గడపే తొక్కాలె. స్ప్లిట్ పోతే ఒక్కటే పోతది, గల్లీ మెకానిక్ బాగుచేస్తడు. ఆస్పత్రి కట్టేటోళ్లకు మాత్రం ఈ బేరాలు నడవవు. ఆపరేషన్ థియేటర్‌కు వడకట్టిన తాజా హవా ఇచ్చే వేరే యూనిట్ పెట్టాల్సిందే.

వాటర్ కూల్డ్ చిల్లర్ కరెంటు తక్కువ తాగుతది, నీళ్లు తాగుతది. వంద టన్నుల ప్లాంటు పది గంటలు నిండుగ నడిస్తే కూలింగ్ టవర్‌కు 6,000 నుంచి 7,000 లీటర్ల దాక కావాలె. బోరు నీళ్లల్ల ఉప్పు ఉంటె ట్యూబుల్ల గార కడుతది. ఏప్రిల్‌ల బోరు ఎండే జాగల ఆ మాటే ఎత్తొద్దు.

సర్కారు దిక్కు నుంచి కూడ కొన్ని మారినయ్. ఓజోన్ కోసం 1987ల మాంట్రియల్ ఒప్పందం అయినంక పాత ఆర్-22 గ్యాసు మెల్లమెల్లగ పోతున్నది, సస్తగ వచ్చిందని దాని మిషన్ కొనొద్దు. 2020 జనవరి 1 నుంచి రూమ్ ఏసీలన్నీ 24 డిగ్రీల మీదనే మొదలు కావాలని హుకుం. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతదని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ లెక్క. షోరూముల 18 పెట్టి గిరాకీని వణికించేటోళ్లకు ఇది చెప్పి ఫాయిదా లేదు.

ఆఖరుకు మిషన్ బిగించేటోని మాట. ఐటీఐల రిఫ్రిజిరేషన్ ట్రేడ్ చేసి, ఇక్కడ రెండేండ్లు పని నేర్చి, రియాద్‌కో దుబాయ్‌కో పోయిన పోరగాండ్లు మన మొహల్లాలల్ల ఎంతమందో. సౌదీల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాక ఎండల పని చేయించొద్దని ఖానూన్ ఉంది. ఇక్కడ మూడో అంతస్తు గోడ బయట, ఇనుప బ్రాకెట్ మీద ఒక కాలు, కిటికీల ఒక కాలు పెట్టి, మే నెల రెండు గంటల ఎండల గ్యాసు నింపుతరు. నడుముకు బెల్ట్ ఉండది. ఆ పంఖా తాడు ఇప్పుడు ఇట్ల గోడ బయటికి వచ్చింది. కొత్త బిల్డింగు నక్షా గీయించేటప్పుడే అవుట్‌డోర్ యూనిట్లకు ఛత్ మీద జాగ, అక్కడికి మెట్లు, బెల్ట్ తగిలించే కొక్కెం, అంచుకు రెయిలింగ్ పెట్టించండి. సందుల దిక్కు యూనిట్ పెడితే ఆ వేడి హవా అంతా పడోసీ కిటికీలకు పోతది, అది కూడ చూసుకోండి. స్లాబు పడ్డంక ఇవేవీ పెట్టుడు కాదు. టన్నుల లెక్క కన్న ముందు ఆర్కిటెక్ట్‌ను అడగాల్సింది ఇదే.