జీతం లేని కొలువు

ఈ సంచికకు చరిత్ర వ్యాసమొకటి రాయవలసిందని సొసైటీ కార్యదర్శి గారు ఆదేశించారు. నేను ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకునే మాస్టరును. తెలుగులో నా కలం అంత సాఫీగా నడవదు. తప్పులుంటే పెద్దలు మన్నించాలి. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర మనం చిన్నప్పటినుంచీ చదువుతూనే ఉన్నాం. ఈసారి రాసినవాళ్ళ చరిత్ర చెబుతాను. అందులోనూ పైసా పుచ్చుకోకుండా నలుగురి కోసం రాసినవాళ్ళ సంగతి.

ప్రపంచంలోని తెలివినంతా ఒకచోట పోగుచేసే గ్రంథాన్ని విజ్ఞాన సర్వస్వం అంటారు. ఇది ఒక్కరివల్ల అయ్యే పని కాదు. మన తెలుగులో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు ఈ మహాకార్యానికి పూనుకున్నారు. 1923లో ఆయన కాలం చేసేనాటికి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం ‘అ’ అక్షరం దాటలేదు. పని ఎంత పెద్దదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఫ్రాన్స్ దేశంలో దిదెరో సంపాదకత్వాన 1751 నుంచి 1765 వరకు పదిహేడు సంపుటాల విజ్ఞాన సర్వస్వం వెలువడింది. బొమ్మల సంపుటాలు వేరే. మొత్తం వ్యాసాలు సుమారు 72 వేలు. వాటిలో దాదాపు 17 వేలు ఒకే మనిషివి అంటే నమ్మబుద్ధి కాదు. ఆయన పేరు లూయీ ద జోకూర్. 1704లో పుట్టారు. ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంట్లు అల్పసంఖ్యాకులు. ఆ కుటుంబంలో పుట్టిన పాపానికి పరదేశంలో మారుపేరుతో చదువుకోవలసి వచ్చింది. ఏళ్ళ తరబడి కష్టపడి వైద్యశాస్త్రం మీద ఆరు సంపుటాల నిఘంటువు రాసుకుంటే, అచ్చుకు తీసుకెళుతున్న ఓడ మునిగి అదంతా సముద్రం పాలయింది. ఇంకొకరయితే కలం అవతల పారేసేవారు. ఆయన మాత్రం దిదెరో దగ్గరకు వెళ్ళి, ఊరికే రాసిపెడతానన్నారు.

1759లో ప్రభుత్వం ఆ గ్రంథానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. అంతకుముందే పేరున్న రచయితలు కొందరు తప్పుకున్నారు. జోకూర్ తప్పుకోలేదు. గుమాస్తాలను పెట్టుకొని చెబుతూ, రాయిస్తూ పోయారు. ఆ గుమాస్తాల జీతాలకోసం తన ఇల్లు అమ్ముకున్నారు. ఆ ఇల్లు కొన్నది ఎవరనుకున్నారు? ఆ గ్రంథాన్ని అచ్చువేసి లాభం గడించిన ముద్రాపకుడే! బానిసల వ్యాపారం మనిషితనానికి విరుద్ధమని ఖండిస్తూ ఆ గ్రంథంలో వచ్చిన వ్యాసం కూడా జోకూర్ రాసిందే.

ఇక మన కాలానికి వద్దాం. 2000లో అమెరికాలో కంప్యూటర్ల మీద చదువుకునే విజ్ఞాన సర్వస్వం ఒకటి, పండితులచేతే రాయించి, పండితులచేతే పరీక్ష చేయించి నడపాలని మొదలుపెట్టారు. మొదటి ఏడాది పూర్తయినవి ఇరవై చిల్లర వ్యాసాలు మాత్రమే. అప్పుడు 2001 జనవరి 15న వికీపీడియా పుట్టింది. ఇందులో ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. 2003 డిసెంబరులో తెలుగులోనూ, 2004లో ఉర్దూలోనూ అది మొదలయింది. మొదట్లో నవ్వినవాళ్ళే ఎక్కువ. కానీ 2012లో బ్రిటానికా వారు తమ గ్రంథాన్ని ఇకపై అచ్చు వేయబోమని ప్రకటించారు. వికీపీడియా మాత్రం నిలిచి పెరిగింది.

ఇంగ్లీషు వికీపీడియాలో జోకూర్ వంటి మనిషి ఒకరున్నారు. ఆయన స్టీవెన్ ప్రూయిట్. 1984లో టెక్సాస్ రాష్ట్రంలో పుట్టారు. కళల చరిత్ర చదివారు. ఒక ప్రభుత్వ శాఖలో రికార్డుల పని చేస్తూ, ఇంటికొచ్చాక ఈ పని పెట్టుకునేవారు. మొదట రాసిన వ్యాసం అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన పీటర్ ఫ్రాన్సిస్కో మీద. ఆయన ప్రూయిట్ గారికి పూర్వీకుడే. అంటే తన ఇంటి పెద్దల కథతోనే మొదలుపెట్టారన్నమాట. 2017లో టైమ్ పత్రిక ఇంటర్నెట్‌లో ఎక్కువ ప్రభావం చూపిన 25 మందిలో ఆయన్ని చేర్చింది. రాసిన కొత్త వ్యాసాలు ముప్ఫై వేలకు పైన. 2019 నాటికే దిద్దుబాట్లు ముప్ఫై లక్షలకు చేరువయ్యాయి. పుచ్చుకున్న జీతం సున్న.

లెక్క చూసి కళ్ళు తిరగవచ్చు. న్యాయంగా చెప్పాలంటే ఆ దిద్దుబాట్లలో చాలావరకు చిన్నవే. అచ్చుతప్పు సరిచేయడం, ఒక వ్యాసాన్ని తగిన వర్గంలో చేర్చడం, ఇలాంటివి. అయితే ఇల్లు కట్టాక రోజూ ఊడ్చేవాళ్ళు కూడా ఉండాలి కదా! ఆ పనికి చప్పట్లు ఉండవు. ఆయన అక్కడ పెట్టుకున్న పేరు కూడా ఒక ఇటలీ సంగీత నాటకంలో కాసేపు కనబడి వెళ్ళే నోటరీది, ఇతరులు చెప్పింది రాసుకునేవాడిది.

ఎందుకింత శ్రమ అంటే, ఆయన తల్లి సోవియట్ యూనియన్‌లో పెరిగిన మనిషి. చదువుకోవలసిందేదో, చదవకూడనిదేదో పైవాళ్ళు నిర్ణయించే చోటు అది. అందుకే తెలివి అందరికీ ఉచితంగా దొరకడం ఎంత విలువైనదో తనకు తెలుసని ఆయన చెప్పుకున్నారు.

నాకు బాగా నచ్చిన సంగతి మరొకటి. 2014 ప్రాంతాల్లో ఇంగ్లీషు వికీపీడియాలోని జీవిత చరిత్రల్లో ఆడవాళ్ళవి సుమారు 15 శాతమే. ఈ లోటు పూడ్చడానికి 2015లో కొందరు కలిసి పని మొదలుపెట్టారు. ప్రూయిట్ కూడా చేయి కలిపి, వందలాది స్త్రీల చరిత్రలు రాశారు. కానీ దీనికో చిక్కుంది. వికీపీడియాలో ‘మా నానమ్మ చెప్పింది’ అంటే చెల్లదు. ఎక్కడో నమ్మదగినచోట అచ్చయి ఉండాలి. ముందు ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే ప్రూయిట్ అయినా ఏం చేయగలరు?

ఈ మాట నాకెందుకు తగిలిందో చెబుతాను. పోయిన ఏడాది మా క్లాసులో ఒక అమ్మాయి లేచి అడిగింది: “సార్, మన మొహల్లాలో ఆడపిల్లలకు మొట్టమొదట చదువు చెప్పిన ఉస్తానీ ఎవరు?” నాకు తెలియదన్నాను. పాత రిజిస్టర్లు వెతికిస్తే చెదలు తినేశాయి. చివరికి ఆమె దగ్గర చదువుకున్న ఒక ముసలమ్మ దొరికింది. ఆ ఉస్తానీ తన ఇంటి వసారాలోనే ముప్ఫై మంది పిల్లల్ని కూర్చోబెట్టి చదివించేదట, ఫీజు పుచ్చుకునేది కాదట. “పేరేమిటి నానీమా?” అన్నాను. “అందరం ఆపా అనేవాళ్ళం బేటా, పేరెవరు అడిగారు?” అంది. నాకు నోట మాట రాలేదు. జీతం లేకుండా ఒక తరానికి చదువు చెప్పిన మనిషి పేరు ఒక్క తరంలోనే పోయింది!

సోదర సోదరీమణులారా, మనలో ఎవరూ వేల వ్యాసాలు రాయనక్కరలేదు. ఒక్కో ఇంటినుంచి ఒక్క పేజీ చాలు. మన పెద్దల్లో బడి నడిపినవారు, బావి తవ్వించినవారు, అనాథల్ని సాకినవారు ఎందరో ఉన్నారు. వారి పూర్తి పేరు, సంవత్సరం, ఆ సంగతి ఎవరు చెప్పారో రాసివ్వండి. వాటిని సరిచూసి వచ్చే సంచికలో అచ్చు వేద్దాం. రేపు ఎక్కడో ఒక ప్రూయిట్ వెతికినప్పుడు దొరకాలంటే ఈరోజు మనం రాసిపెట్టాలి.

మొదటి పేజీ నేనే మొదలుపెట్టాను. ఆపా చదువు చెప్పిన వసారా సంగతి రాశాను, ఆ ముప్ఫై మంది పిల్లల సంగతి రాశాను. పేరు రాయవలసినచోట ఖాళీగా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పండి.