నీకర్థం కాదులే అమ్మా!

పోయిన వేసవిలో మా అబ్బాయి బెంగుళూరు నుంచి వస్తూ వస్తూ నలుగురు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చాడు. వచ్చిన సాయంత్రమే మా భోజనాల బల్ల మీది ఊరగాయ జాడీలూ, మంచినీళ్ల కూజా కిందికి దిగిపోయి, వాటి స్థానంలో గళ్ల కాగితాలూ, పెన్సిళ్లూ, పాచికలూ వెలిశాయి. మామూలు పాచికలు కావండోయ్! నాలుగు ముఖాలవీ, ఎనిమిది ముఖాలవీ, ఇరవై ముఖాలది ఒకటీ! శకుని చూస్తే ముచ్చటపడేవాడు. ఒకడు కథ చెబుతున్నాడు. మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులైపోయి, "నేను తలుపు తోస్తాను", "నేను దీపం వెలిగిస్తాను" అంటున్నారు. తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నది పాచిక చెబుతోంది.

నేను పకోడీల పళ్లెంతో వెళ్లేసరికి, కథ చెప్పే కుర్రాడు "ఎదురుగా తోటలో గజీబో ఉంది" అన్నాడు. "అయితే బాణం వేస్తాను!" అన్నాడు మావాడు. అంతే! అయిదుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకడికైతే పొలమారి, నేనే నెత్తిన తట్టాల్సి వచ్చింది.

"ఎందుకురా అంత నవ్వు?" అన్నాను.

"అదో పాత జోకు. నీకర్థం కాదులే అమ్మా."

చెప్పొద్దూ, నాకు చివుక్కుమంది. పదిహేనేళ్లుగా నవలలు రాస్తున్నాను. ఎక్కడెక్కడివాళ్లో ఉత్తరాలు రాసి నా పాత్రల కోసం కన్నీళ్లు పెట్టుకున్నామంటారు. నా ఇంట్లో, నా బల్ల దగ్గర, నేను వేయించిన పకోడీలు తింటూ నవ్విన నవ్వు నాకర్థం కాదా? బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. పానిపట్టు యుద్ధాలు మూడూ తేదీలతో సహా బట్టీ పట్టాను. ఒక నవ్వు పూర్వాపరాలు కనుక్కోలేనా అని పట్టుదల వచ్చింది. మావాడి పెట్టెలో పుస్తకాలు నాలుగైదు తీసి, రాత్రుళ్లు చదవడం మొదలుపెట్టాను.

గజీబో కథ ముందే దొరికింది. గజీబో అంటే తోటలో కూర్చోవడానికి కట్టుకునే చిన్న మండపం, అంతే. 1970లలో కాలిఫోర్నియాలో కొందరు ఇలాంటి ఆట ఆడుతున్నారట. ఒకతనికి ఆ మాటకు అర్థం తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ. అదేదో రాక్షసి అనుకున్నాడు. రంగేమిటి అని అడిగాడు, తెలుపన్నారు. పిలిచాడు, పలకలేదు. బాణం వేశాడు, గుచ్చుకుంది, అయినా కదల్లేదు. ఇతనికి భయం పట్టుకుంది. చివరికి కథ చెప్పేవాడు విసిగిపోయి, మండపం నిద్ర లేచి నిన్ను మింగేసింది పొమ్మన్నాడు. రిచర్డ్ అరాన్సన్ అనే ఆయన 1980లలో దీన్ని రాసి పెట్టాడు. 2001లో వచ్చిన 'మంచ్‌కిన్' అనే పేకాటలో గజీబోని నిజంగానే ఒక రాక్షసిని చేసి ముక్క మీద బొమ్మ వేశారు. ఎవరో ఒకడి తెలియనితనం, యాభై ఏళ్ల తర్వాత మా ఇంట్లో పకోడీ పొలమారడానికి కారణమైంది!

అక్కడితో ఆపితే బాగుండేది. నేను ఆపలేదు.

ఈ ఆటలన్నిటికీ పెద్దమ్మ 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్'. పుట్టిల్లు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరు. గ్యారీ గైగాక్స్ అని ఒకాయన అక్కడ ఉండేవాడు. భీమా కంపెనీ ఉద్యోగం పోయి, నేలమాళిగలో చెప్పులు బాగుచేస్తూ సంసారం ఈదుతూండేవాడు. యుద్ధక్రీడల పిచ్చి మాత్రం వదల్లేదు. ఈ పిచ్చి ఎంతటిదంటే, అంతకు చాలా ఏళ్ల ముందు, భార్య కడుపుతో ఉన్న రోజుల్లో, ఈయన రాత్రుళ్లు ఇంటికి రాకపోతూంటే ఆవిడకు అనుమానం వచ్చిందట. ఇంకో ఆడమనిషి ఉందేమోనని నిలదీయడానికి వెళ్లింది. ఒక స్నేహితుడి నేలమాళిగలో బల్లనిండా పటాలు పరుచుకుని కూర్చున్న మగవాళ్లు కనిపించారు. ఆవిడకు ఊరట కలిగిందో, ఒళ్లు మండిందో పుస్తకాలు చెప్పవు. మీరూ నేనూ ఊహించుకోగలం.

1972లో మిన్నెసోటా నుంచి డేవ్ ఆర్నెసన్ అనే కుర్రాడు వచ్చి, తాను కల్పించిన 'బ్లాక్‌మూర్' ఆట ఆడి చూపించాడు. సైన్యాలను నడపడం కాదు, ఒక్కొక్కరు ఒక్కొక్క మనిషిగా కథలోకి దిగడం. గైగాక్స్‌కి మతిపోయింది. తానూ ఒక పాడుబడ్డ కోటను కల్పించి, ముందుగా తన పిల్లలు ఎర్నీనీ, ఎలీస్‌నీ కూర్చోబెట్టి ఆడించాడు. ఆ మొదటి రాత్రి వాళ్లకొక పెట్టె దొరికింది. ఎంతో ఆశగా తెరిస్తే మూడు వేల రాగినాణాలు! మోయలేనంత బరువు. పిల్లలు మొహాలు వేలాడేసుకుని పడుకోబోయారు. తండ్రి మాత్రం ఆ రాత్రే కోటకు రెండో అంతస్తు గీయడానికి కూర్చున్నాడు. మర్నాడు స్నేహితులు చేరారు. 1974 జనవరిలో ఆట అచ్చయింది. వెయ్యి పెట్టెలు, ఇంట్లోనే కూర్చుని సర్దారు. పెట్టె ఖరీదు పది డాలర్లు. పేరు పెట్టింది గైగాక్స్ రెండేళ్ల కూతురని ఒక కథ. నాన్న చదివిన జాబితాలో ఆ పేరే బాగుందందట.

ఇప్పుడు నా నవ్వుల చరిత్రకొస్తాను. తర్వాత్తర్వాత వచ్చిన పుస్తకాల్లో మంత్రాలకు మహా మాంత్రికుల పేర్లుంటాయి. టెన్సర్, డ్రామిజ్, మెల్ఫ్, రేరీ. చదివితే ఏ పురాణంలోవో అనిపిస్తాయి. తీరా చూస్తే టెన్సర్ అంటే ఎర్నెస్ట్ అన్న పేరులోని ఇంగ్లీషు అక్షరాలు కలిపికొట్టినది. ఆ ఎర్నీయే. డ్రామిజ్ అంటే జిమ్ వార్డ్ అనే స్నేహితుడి పేరు వెనకనుంచి రాసినది. చిన్నప్పుడు మనం పెద్దవాళ్లకు తెలియకుండా 'క' భాష మాట్లాడుకోలేదూ, అలాగన్నమాట. మెల్ఫ్ కథ మరీ బాగుంటుంది. గైగాక్స్ ఇంకో కొడుకు ల్యూక్ ఆడిన పాత్రకు పేరే లేదు. కాగితం మీద మగ అని సూచించడానికి 'ఎమ్' అక్షరం, పక్కన జాతి 'ఎల్ఫ్' అని ఉన్నాయి. రెండూ కలిపి చదివేశారు! మన రేషను కార్డుల్లో 'పు' అని రాసి పక్కన వయసు వేస్తే, అదే కుర్రాడి పేరనుకున్నట్టు.

రేరీ సంగతి చెప్పడానికి కాస్త మొహమాటంగా ఉంది, మాది శాకాహారం. ఆ ఆటలో మాంత్రికుడి అంతస్తుల్లో ఒకదాన్ని 'మీడియం' అంటారు. అక్కడి హోటళ్లలో మాంసం సగం ఉడికితే చాలనడానికి 'మీడియం రేర్' అంటారు. బ్రయన్ బ్లూమ్ అనే ఆయన తన మాంత్రికుణ్ని 'మీడియం రేరీ' అనిపించుకోవడానికే ఆ పేరు పెట్టాడట. ఈ చచ్చు జోకు 1978లో అచ్చు పుస్తకంలో ఏ మంత్రమై కూర్చుందో తెలుసా? జ్ఞాపకశక్తి పెంచే మంత్రం! జోకు మరిచిపోయారు, జ్ఞాపకం మిగిలింది. 2022లో టీవీ సీరియల్ 'స్ట్రేంజర్ థింగ్స్'లో మా పక్కింటి పిల్లలు దడుచుకున్న వెక్నా కూడా ఇంతే. గైగాక్స్ అభిమాన రచయిత జాక్ వాన్స్ పేరులోని అక్షరాలు తారుమారు చేసినదే.

ఇందులో నన్ను నొప్పించినది ఒకటుంది. ఆ కంపెనీ 1997లో చేతులు మారింది. 2000 సంవత్సరంలో కొత్త యజమానులు ఆట నియమాలను ఎవరైనా వాడుకోవచ్చని ఉదారంగా ప్రకటించారు. అయితే మంత్రాలు ఇచ్చారు కానీ పేర్లు ఇవ్వలేదు. టెన్సర్ తేలే పళ్లెం ఉత్త తేలే పళ్లెమైంది. మెల్ఫ్ ఆమ్లబాణం ఉత్త ఆమ్లబాణమైంది. పేర్లు కంపెనీ ఆస్తి! వ్యాపారం కదా, తప్పనను. కానీ నాన్న పక్కన కూర్చుని పిల్లాడు తన పేరు అక్షరాలతో ఆడుకున్న ఆటకు దస్తావేజులేమిటండీ?

మా పుట్టింట్లోనూ ఒక మాట ఉంది. తెనాలిలో పక్కపక్క సత్రాల్లో రెండు పెళ్లిళ్లు జరుగుతూంటే మా నాన్నగారు ఒకదాంట్లోకి వెళ్లి, ఫలహారం చేసి, చదివింపులు రాయించి, తాంబూలం పుచ్చుకుని, అప్పుడు "ఇంతకీ పెళ్లికొడుకు ఎవరబ్బాయండీ?" అని అడిగారు. ఆరోజు నుంచీ మా ఇంట్లో చేయి దాటిన పనికల్లా "చదివింపులైపోయాయి" అనేవాళ్లం. పాలు పొంగినా, రైలు తప్పినా, చివరికి పరీక్ష తప్పినా అదే మాట. మా వారికి పెళ్లయిన కొత్తలో చెబితే మర్యాదకి నవ్వారు. ఇప్పటికీ మర్యాదకే నవ్వుతారు. నాన్నగారు పోయి తొమ్మిదేళ్లయింది. అమ్మకు ఇప్పుడు మతిమరుపు. ఇక ఆ మాటకు నిజంగా నవ్వేవాళ్లం అన్నయ్యా, నేనూ.

బహుశా అందుకేనేమో, డాన్ కే కథ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆయన గైగాక్స్‌కి చిన్ననాటి స్నేహితుడు. ఆట అచ్చు వేయడానికి డబ్బు లేకపోతే, తన జీవిత భీమా మీద వెయ్యి డాలర్లు అప్పు తీసి పెట్టాడు. ఆటలో ఆయన పాత్ర పేరు మర్లిండ్. డాన్‌కు కౌబాయ్ సినిమాలంటే ప్రాణం. ఆ లోకంలో తుపాకిమందు ఉండకూడదని గైగాక్స్ నియమం. కానీ స్నేహితుడి ముచ్చట కాదనలేక, మర్లిండ్ నడుముకున్న రెండు పిస్తోళ్లూ పిస్తోళ్లు కావు, పెద్ద చప్పుడు చేసే మంత్రదండాలు అని సర్దేశాడు. అందరికీ తెలుసు, అందరూ సరేనన్నారు. ఆట అచ్చయిన ఏడాదికి, 1975 జనవరిలో, గుండెపోటుతో డాన్ పోయాడు. ముప్ఫై ఆరేళ్లు. వ్యాపారం సాగేది ఆయన ఇంట్లోనే. లెక్కలూ, పార్సిళ్లూ కొన్నాళ్లు ఆయన భార్య చూసింది. తర్వాత నావల్ల కాదని తప్పుకుంది. ఆవిణ్ని ఎవరు తప్పుపడతారు?

మర్లిండ్ మాత్రం ఉండిపోయాడు. గైగాక్స్ అతన్ని తన కల్పిత లోకంలో దేవుడంతటివాణ్ని చేశాడు. 1985 నాటి పుస్తకంలో 'మర్లిండ్ చెంచా' అని ఒక వస్తువుంది. కొమ్ముతో చేసిన మామూలు చెంచా. ఖాళీ గిన్నెలో పెడితే చిక్కటి జావ ఊరుతుంది. రోజుకు నలుగురి కడుపు నింపుతుంది. కాకపోతే రుచి మాత్రం తడిసిన అట్టముక్కలా ఉంటుందట! మన అక్షయపాత్రకు దూరపు చుట్టం, వంట రాని చుట్టం. ఈనాడు ఆ చెంచాతో ఆడుకునే పిల్లల్లో డాన్ కే ఎవరో తెలిసినవాళ్లు ఎందరుంటారు? ఆ పేజీ మూసి, రాత్రి పదకొండయిందని కూడా చూడకుండా అన్నయ్యకు ఫోన్ చేశాను. "ఏమ్మా, ఇంత రాత్రప్పుడు?" అన్నాడు కంగారుగా. "ఏం లేదు. చదివింపులైపోయాయి" అన్నాను. అవతలినుంచి అన్నయ్య నవ్వు, అచ్చం నాన్నగారి నవ్వు, చాలాసేపు వినపడింది.

మర్నాడు కుర్రాళ్ల ప్రయాణం. హడావిడిలో ఉప్మాలో నీళ్లు ఎక్కువై ముద్దయింది. పళ్లాలు బల్లమీద పెడుతూ, "ఏమనుకోకండి నాయనా, ఇవాళ మర్లిండ్ చెంచాతో చేశాను" అన్నాను.

ఒక్క క్షణం అయిదుగురూ నా మొహం చూశారు. తర్వాత ఇల్లెగిరిపోయింది. కథ చెప్పే కుర్రాడు చెంచా కింద పడేసి, "ఆంటీ! మీరూ ఆడతారా?" అన్నాడు.

మావాడొక్కడే నవ్వలేదు. తలవంచుకుని పళ్లెం ఖాళీ చేస్తూ, "ఉప్మా బాగానే ఉంది కదమ్మా" అన్నాడు.