మిరప ముందొచ్చింది, అవకాడో ఆలస్యమైంది

మా మానుకోట చేలల్లో కాసే మిరపకీ, ఈమధ్య డాబాల మీద కుండీల్లో మొలుస్తున్న అవకాడోకీ పుట్టిల్లు ఒకటే అంటే మా అత్తమ్మ నమ్మలేదు. రెండూ మెక్సికో వైపువే. దసరా రోజుల్లో జనగామలో గంపలకెత్తి అమ్మే సీతాఫలం కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. సీతమ్మ పేరు పెట్టుకున్నాక ఇక పరాయిదని ఎవరంటారు!

మరి మిరప నాలుగొందల ఏళ్ళ కిందటే మన రోట్లోకి వచ్చి కూర్చుంటే, అవకాడో నిన్నమొన్నటి దాకా ఎందుకు రాలేదు? స్పెయిన్ దేశస్థుడు ఎన్సిసో 1519లోనే ఆ పండు గురించి పుస్తకంలో రాశాడు. పోర్చుగీసు ఓడల్లో మిరప మన దేశం చేరిందీ ఆ శతాబ్దంలోనే.

నాకు తోచిన కారణం గింజ. మిరప గింజ ఎండితేనే బాగుంటుంది. మూటగట్టి అటక మీద పడేసినా మరుసటేడు మొలుస్తుంది. అవకాడో గింజ ఎండిందంటే చచ్చినట్టే. నెలల తరబడి సాగే ఓడ ప్రయాణంలో అది బతకదు. మట్టితో సహా మొక్కనే మోసుకురావాలి. మనుషులకే నీళ్ళు కొలిచి పోసే ఓడలో, ఉప్పుగాలికి మాడే మొక్కకు ఎవరు పోస్తారు? 1829 ప్రాంతంలో లండన్ డాక్టరు నథానియల్ వార్డ్, మూసిన సీసాలో ఒక చిన్న మొక్క తనంతట తానే బతకడం గమనించి గాజు పెట్టెలు చేయించాడు. 1833లో వాటిల్లో మొక్కలు ఆస్ట్రేలియా దాకా పచ్చగా చేరాయి. చైనా తేయాకు మన హిమాలయాలకు వచ్చిందీ అలాంటి పెట్టెల్లోనే.

అవకాడో 20వ శతాబ్దం తొలినాళ్ళలో శ్రీలంక నుంచి మన దక్షిణాదికి వచ్చిందని ఉద్యాన పుస్తకాలు చెప్తాయి. కొడగు, నీలగిరి కొండల్లో కుదురుకుంది. కన్నడం వాళ్ళు చక్కగా బెణ్ణెహణ్ణు, అంటే వెన్నపండు అని పిలుచుకున్నారు. మనం ఇంకా బటర్ ఫ్రూట్ దగ్గరే ఉన్నాం.

బజార్లో నల్లటి గరుకు తొక్కతో దొరికే హాస్ రకం కథ ఇంకా బాగుంటుంది. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మన్ 1920లలో నాటిన గింజ మొక్క అది. దానికి వేరే మంచి రకం అంటు కట్టాలని చూస్తే అతకలేదు. కొట్టేద్దామనుకున్నాడు. కాయలు రుచిగా ఉన్నాయని పిల్లలు చెప్పబట్టి ఆ చెట్టు బతికింది. 1935లో పేటెంట్ తీసుకున్నాడు గానీ పెద్దగా కలిసిరాలేదు. ఆ తల్లి చెట్టు వేరుకుళ్ళు తెగులుతో 2002లో పోయింది. ఇప్పుడు లోకంలో ఉన్న హాస్ చెట్లన్నీ దాని అంట్లే. అందుకే తిన్న పండు గింజ గ్లాసు నీళ్ళలో మొలిపిస్తే చెట్టు వస్తుంది గానీ అదే పండు రాదు. కాపుకు ఏడు నుంచి పదేళ్ళు, కుండీలో అసలు కాయకపోవచ్చు కూడా. అంటు మొక్కయితే మూడు నాలుగేళ్ళు.

భూపాలపల్లిలో క్వార్టర్లో ఉండే మా చెల్లె అడిగింది ఇదే, పెట్టాలా వద్దా అని. అంటు మొక్కే తెచ్చుకొమ్మన్నాను. కుండీకి అడుగున పెద్ద రంధ్రాలుండాలి. నీళ్ళు నిలిస్తే ఆ వేరుకుళ్ళే పట్టుకుంటుంది. బోరు నీళ్ళలో ఉప్పుంటే ఆకుల కొసలు మాడతాయి కాబట్టి వాన నీళ్ళు పట్టి పోయాలి. నలభై దాటే మా మే ఎండలకు మధ్యాహ్నం నీడ తప్పదు. ఇంత చాకిరీ చేసి నాలుగు కాయలకా అని వాళ్ళాయన నవ్వాడట.

కానీ వాళ్ళకు సొంత వాకిలి లేదు. బదిలీ అయిన ప్రతిసారీ చెల్లె నాటిన జామ, కరివేపాకు తర్వాత వచ్చినవాళ్ళ పాలయ్యాయి. ఈ కుండీని మాత్రం లారీలో బీరువా పక్కన ఎక్కించుకుంటానంటోంది.