వుడ్‌స్టాక్ (1970 సినిమా)

వుడ్‌స్టాక్ 1970లో విడుదలైన ఒక అమెరికన్ డాక్యుమెంటరీ చిత్రం. 1969 ఆగష్టు 15 నుండి 18 వరకు న్యూయార్క్ రాష్ట్రంలోని బెతెల్ గ్రామం వద్ద ఆరుబయట జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవం దీని ఇతివృత్తం. మైకేల్ వాడ్లీ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి బాబ్ మారిస్ నిర్మాత. వార్నర్ బ్రదర్స్ సంస్థ 1970 మార్చి 26న దీనిని విడుదల చేసింది. ఉత్తమ డాక్యుమెంటరీ చిత్రంగా ఆస్కార్ పురస్కారం పొందింది. ఆ ఉత్సవాన్ని కళ్ళారా చూసినవారు సుమారు 4 లక్షల మంది కాగా, ఈ చిత్రం ద్వారా చూసినవారు అంతకు ఎన్నో రెట్లు. అందువలన వుడ్‌స్టాక్ గురించి లోకంలో నిలిచిన అభిప్రాయం చాలావరకు ఈ చిత్రం కలిగించినదే.

చిత్ర వివరాలు

దర్శకత్వం: మైకేల్ వాడ్లీ
నిర్మాత: బాబ్ మారిస్
కూర్పు: థెల్మా షూన్‌మేకర్, మార్టిన్ స్కోర్సేసి, తదితరులు
పంపిణీ: వార్నర్ బ్రదర్స్
నిడివి: 184 నిమిషాలు (1994 నాటి ప్రతి 224 నిమిషాలు)
భాష: ఇంగ్లీషు

నేపథ్యం

1960వ దశకం చివరి సంవత్సరాలలో అమెరికా యువతరం వియత్నాం యుద్ధాన్ని తీవ్రంగా వ్యతిరేకించింది. నిర్బంధ సైనిక సేవ, వర్ణవివక్ష వంటి విషయాలపై దేశమంతటా ఆందోళనలు సాగుతున్న కాలమది. ఆ తరం వారి భావాలకు రాక్, జానపద సంగీతాలు ప్రధాన వాహకాలయ్యాయి.

మైకేల్ లాంగ్, ఆర్టీ కార్న్‌ఫెల్డ్, జోయెల్ రోజెన్‌మన్, జాన్ రాబర్ట్స్ అనే నలుగురు యువకులు ఈ ఉత్సవాన్ని తలపెట్టారు. మొదట వాల్‌కిల్ అనే ఊరిని ఎంచుకొన్నారు గాని, స్థానికుల అభ్యంతరాల వలన 1969 జూలైలో అనుమతి లభించలేదు. ఉత్సవానికి నెలరోజులే గడువున్న దశలో బెతెల్‌లో పాడి పశువులను పెంచే మాక్స్ యాస్గర్ తన పొలాన్ని అద్దెకు ఇచ్చాడు. పేరు వుడ్‌స్టాక్ అయినా, ఆ పేరుగల ఊరికి ఈ స్థలం 60 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది.

వ్యవధి చాలనందున వేదిక నిర్మాణం మాత్రమే సాధ్యపడింది. చుట్టూ కంచె, టిక్కెట్ల గదులు పూర్తి కాలేదు. ముందుగా సుమారు 1,86,000 టిక్కెట్లు అమ్ముడయ్యాయి. అంతకు రెట్టింపుకు పైగా జనం రావడంతో నిర్వాహకులు ప్రవేశం ఉచితమని ప్రకటించవలసి వచ్చింది. దానితో వారు పెద్ద ఎత్తున అప్పులపాలయ్యారు. ఉత్సవంలో వచ్చిన నష్టాన్ని పూడ్చగల ఆధారాలుగా చివరకు మిగిలినవి సినిమా, గ్రామఫోను రికార్డులు.

చిత్రీకరణ

వాడ్లీ అప్పటికే ఛాయాగ్రాహకునిగా పనిచేసినవాడు. స్కోర్సేసి తొలి చిత్రానికి ఛాయాగ్రహణం అందించిన వారిలో ఒకడు. వుడ్‌స్టాక్ కొరకు పదిమందికి పైగా ఛాయాగ్రాహకులను కూడగట్టాడు. భుజంపై మోయగలిగే 16 మిల్లీమీటర్ల కెమెరాలను వాడారు. ఒక్కొక్క ఫిల్ము చుట్ట సుమారు 11 నిమిషాలకే అయిపోతుంది. పాట మధ్యలో చుట్ట ముగిసినచో ఆ భాగం పోయినట్లే. కనుక గాయకుడు ఎప్పుడు ఆరంభిస్తాడో, ఎంతసేపు పాడతాడో ఊహించుకొంటూ చిత్రీకరించవలసి వచ్చింది. వాడ్లీ స్వయంగా వేదిక అంచున నిలిచి, గాయకులను అతి సమీపం నుండి చిత్రించాడు.

వర్షం, బురద, ఆహారం కొరత, నిద్రలేమి సాంకేతిక సిబ్బందిని కూడా బాధించాయి. మూడు రోజుల శ్రమ ఫలితంగా సుమారు 120 గంటల చిత్రం సిద్ధమయింది.

కూర్పు

ఇంత చిత్రాన్ని మూడు గంటలకు కుదించడం కూర్పరుల ముందున్న అసలు సమస్య. థెల్మా షూన్‌మేకర్ ఈ విభాగానికి నాయకత్వం వహించింది. అప్పటికింకా పేరు రాని మార్టిన్ స్కోర్సేసి సహాయ దర్శకునిగా, కూర్పరులలో ఒకనిగా పనిచేశాడు.

తెరను రెండు లేక మూడు భాగాలుగా విభజించి ఒకేసారి వేర్వేరు దృశ్యాలను చూపడం ఈ చిత్రపు ప్రధాన ప్రత్యేకత. 16 మి.మీ. చట్రం వెడల్పు తక్కువ. విశాలమైన తెరపై అటువంటివి రెండు పక్కపక్కన ఇముడుతాయి. ఒకవైపు గాయకుని ముఖం, మరొకవైపు వాద్యంపై కదిలే వేళ్ళు లేదా శ్రోతల తన్మయత్వం కనబడుతుంది. ఈ విధంగా 184 నిమిషాలలో అంతకంటె ఎక్కువ చిత్రాన్ని చూపగలిగారు.

చిత్రంలోని అంశాలు

చిత్రం కచేరీల వరుసను యథాతథంగా అనుసరించదు. కొన్ని అంశాల క్రమం మారింది. ముఖ్యమైనవి:

* రిచీ హేవెన్స్: ఉత్సవాన్ని ఆరంభించిన గాయకుడు. రహదారులు స్తంభించి ఇతర కళాకారులు చేరుకోలేకపోవడంతో ఎక్కువసేపు పాడవలసి వచ్చింది. తనకు తెలిసిన పాటలు అయిపోగా, ఒక పాత నల్లజాతి భక్తిగీతాన్ని ఆధారం చేసుకొని స్వేచ్ఛను గురించి వేదికపైనే ఆశువుగా పాట అల్లాడు.
* జోన్ బాయెజ్: నిర్బంధ సైనిక సేవను నిరాకరించి జైలులో ఉన్న తన భర్తను గురించి చెప్పి పాడుతుంది. అప్పుడామె గర్భవతి.
* కంట్రీ జో మెక్‌డొనాల్డ్: వియత్నాం యుద్ధాన్ని ఎద్దేవా చేసే పాటను జనం చేత పాడిస్తాడు. పాట పదాలు తెరపై కనబడుతుంటాయి.
* సంటానా: తొలి ఆల్బమ్ ఇంకా విడుదల కాని బృందం. ఈ కచేరీ, ఈ చిత్రం వారికి విశేషమైన ఖ్యాతి తెచ్చాయి.
* జిమి హెండ్రిక్స్: సోమవారం ఉదయం చివరి కచేరీ చేశాడు. గిటారుపై అమెరికా జాతీయగీతాన్ని బాంబుల మోతను తలపించే ధ్వనులతో వాయించాడు. అప్పటికి జనం చాలావరకు వెళ్ళిపోయారు. చెత్తతో నిండిన పొలం, వెదుక్కొంటూ తిరిగే కొద్దిమంది మనుషులు ఈ దృశ్యాలలో కనబడతారు.

సంగీతంతో సమానంగా మనుషులకు స్థానమివ్వడం ఈ చిత్రపు విలువను పెంచింది. యువకులను మెచ్చుకొనేవారు, మండిపడేవారు అయిన గ్రామస్థుల మాటలు ఇందులో ఉన్నాయి. తాత్కాలిక మరుగుదొడ్లను శుభ్రపరిచే ఒక కార్మికుడు పని చేసుకొంటూనే, తన కుమారులలో ఒకడు ఈ ఉత్సవంలో, మరొకడు వియత్నాంలో ఉన్నారని మామూలుగా చెబుతాడు. ఆనాటి అమెరికా సమాజంలోని చీలిక ఒకే ఇంటిలో ఎలా ఉండేదో ఈ చిన్న సంభాషణ తెలుపుతుంది. ఆ పనివానికి ఉభయులూ బిడ్డలే.

చిత్రంలో చోటు దక్కనివి

ఉత్సవంలో పాల్గొన్న పలువురు 1970 నాటి చిత్రంలో లేరు. గ్రేట్‌ఫుల్ డెడ్, ది బ్యాండ్, క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బృందాలు వీరిలో ఉన్నాయి. తనను చిత్రీకరించడానికి నీల్ యంగ్ అంగీకరించలేదు.

సితార్ విద్వాంసుడు పండిట్ రవిశంకర్ శుక్రవారం రాత్రి వర్షంలో, అల్లా రఖా తబలా సహకారంతో కచేరీ చేశాడు. అది కూడా ఈ చిత్రంలో లేదు. 1967 నాటి ఉత్సవంపై వచ్చిన మాంటెరీ పాప్ చిత్రం ఆయన కచేరీతోనే ముగుస్తుంది. వుడ్‌స్టాక్‌లో బురద, మత్తుమందుల వాడకం చూసి కలిగిన అసంతృప్తిని రవిశంకర్ తరువాతి కాలంలో దాచుకొనలేదు. తమిళనాడుకు చెందిన స్వామి సచ్చిదానంద ఉత్సవం తొలిరోజున ప్రారంభోపన్యాసం చేశాడు.

ఆదరణ, విమర్శలు

సుమారు 6 లక్షల డాలర్ల వ్యయంతో తయారైన ఈ చిత్రం అమెరికాలో సుమారు 5 కోట్ల డాలర్లు వసూలు చేసింది. 1970లో పాటలు మూడు రికార్డుల సంపుటిగా వెలువడ్డాయి. రోజర్ ఈబర్ట్ వంటి విమర్శకులు చిత్రాన్ని బహుధా ప్రశంసించారు.

చిత్రం ఉత్సవాన్ని మరీ అందంగా చూపినదనే విమర్శ కూడా ఉన్నది. మత్తుమందు వలన ఒకరు, నిద్రిస్తుండగా ట్రాక్టరు కింద పడి మరొకరు మరణించారు. చిత్రంలో ఆనందోత్సాహాలకు దక్కిన ప్రాధాన్యం ఈ విషాదాలకు దక్కలేదు. 1969 డిసెంబరులో ఆల్టమాంట్‌లో జరిగిన కచేరీలో హత్య జరిగింది. దానిని చూపిన గిమ్మీ షెల్టర్ (1970) చిత్రాన్ని వుడ్‌స్టాక్‌కు మరొక పార్శ్వంగా పేర్కొంటారు. అదే 1969 వేసవిలో న్యూయార్క్ నగరపు హార్లెంలో నల్లజాతి కళాకారులు పాల్గొన్న ఉత్సవాన్ని కూడా చిత్రీకరించారు. కాని ఆ చిత్రం దశాబ్దాల తరబడి మరుగున పడి, 2021లో సమ్మర్ ఆఫ్ సోల్ పేరుతో వెలుగు చూసింది. వుడ్‌స్టాక్ అందరి జ్ఞాపకంలో ఉండడానికి, హార్లెం మరుపున పడడానికి గల కారణాలలో సకాలంలో సినిమా రావడం, రాకపోవడం ముఖ్యమైనది.

పురస్కారాలు

* 1971 ఏప్రిల్‌లో ఆస్కార్ ఉత్తమ డాక్యుమెంటరీ పురస్కారం. కూర్పు, ధ్వని విభాగాలలో కూడా నామినేషన్లు లభించాయి.
* 1996లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేర్చబడినది.

విశేషాలు

* చిత్రం విడుదలైన ఆరు నెలలకే, 1970 సెప్టెంబరు 18న, జిమి హెండ్రిక్స్ మరణించాడు.
* జానిస్ జాప్లిన్ 1970 అక్టోబరు 4న మరణించింది. ఆమె కచేరీని 1994 నాటి ప్రతిలో చేర్చారు.
* షూన్‌మేకర్ తరువాతి కాలంలో స్కోర్సేసి చిత్రాలకు కూర్పరిగా మూడు ఆస్కార్ పురస్కారాలు పొందింది.
* ద ఒమేగా మాన్ (1971) చిత్రంలో, జనం నశించిన నగరంలో కథానాయకుడు ఒంటరిగా సినిమాహాలులో కూర్చొని చూసేది ఈ చిత్రాన్నే.
* ఉత్సవం జరిగిన స్థలం వద్ద 2008లో మ్యూజియం ప్రారంభమయింది. 2017లో ఆ స్థలం అమెరికా చారిత్రక ప్రదేశాల జాబితాలో చేరింది.