అత్యుత్తమ బాక్సర్ ఎవరు? ర్యాంకుల జాబితాను చరిత్ర విద్యార్థిగా చదవడం

1970 జనవరి 20 రాత్రి అమెరికా సినిమా హాళ్లలో ఒక వింత బాక్సింగ్ పోటీని ప్రదర్శించారు. ఒకవైపు మహమ్మద్ అలీ, మరోవైపు రాకీ మార్సియానో. మార్సియానో 49 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా 1956లోనే రింగ్ నుంచి తప్పుకొన్న హెవీవెయిట్ చాంపియన్. అప్పటికి అలీ వయసు పద్నాలుగేళ్లు. నిజంగా ఎన్నడూ తలపడని ఈ ఇద్దరినీ 1969లో కెమెరా ముందు నిలబెట్టి, రౌండ్ల కొద్దీ పోరాడినట్టు నటింపజేశారు. ముగింపులు కూడా రకరకాలుగా తీసి పెట్టుకున్నారు. ఏ ముగింపు చూపాలో కంప్యూటర్ తేల్చిందని చెప్పి, 13వ రౌండులో అలీ నాకౌట్ అయినట్టు చూపించారు. ఆ ఫలితాన్ని చూడటానికి మార్సియానో లేడు. అంతకు కొన్ని నెలల ముందే, 1969 ఆగస్టు 31న, విమాన ప్రమాదంలో మరణించాడు.

ఇదే నిర్మాత 1967లో రేడియో కోసం ఇలాంటి కంప్యూటర్ పోటీలే నడిపాడు. వాటిలో అలీ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడినట్టు ప్రసారం చేశారు. తన పేరుకు నష్టం కలిగిందంటూ అలీ పది లక్షల డాలర్లకు దావా వేశాడు. ఊహాజనితమైన ఓటమికి ఇంత కోపం ఎందుకని మీకు అనిపించవచ్చు. జెఫ్రీస్ 1899 నుంచి 1905 వరకు చాంపియన్. ఆ కాలంలో ఒక్క నల్లజాతి బాక్సర్‌కైనా టైటిల్ కోసం పోటీపడే అవకాశం ఇవ్వలేదు. అలాంటివాడు అలీని ఓడించాడని యంత్రం చేత చెప్పించారు. యంత్రం తప్పు లెక్క వేసిందా, సరైన లెక్క వేసిందా అన్నది మనకు ముఖ్యం కాదు. దానికి అందించిన లెక్కల పుస్తకంలో జరిగిన పోటీలు ఉన్నాయి. జరగనివ్వని పోటీలు లేవు.

ఈ పాఠంలో మనం పరిశీలించేది ఈ విషయమే. "అన్ని కాలాల్లోనూ గొప్ప బాక్సర్ ఎవరు?" అన్న వాదన టీ కొట్టు దగ్గర కాలక్షేపంగా సాగవచ్చు. చరిత్ర విద్యార్థి చేతిలో పడితే మాత్రం అది మూలాధారాల ప్రశ్న అవుతుంది.

గెలుపోటముల పట్టిక ఎలా తయారైంది?

నేటి బాక్సింగ్‌కు మూలమైన క్వీన్స్‌బెరీ నియమాలు 1867లో ప్రచురితమయ్యాయి. మూడు నిమిషాల రౌండ్లు, చేతికి గ్లోవ్స్ వాటితోనే వచ్చాయి. అయినా 1889లో జాన్ ఎల్. సల్లివాన్ వట్టి పిడికిళ్లతోనే జేక్ కిల్‌రెయిన్‌తో 75 రౌండ్లు పోరాడాడు. సల్లివాన్ పేరు మోగిపోతున్న ఆ రోజుల్లోనే, కరీబియన్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగిన పీటర్ జాక్సన్ అనే నల్లజాతి బాక్సర్ అమెరికా వచ్చాడు. నల్లవాళ్లతో తలపడనని సల్లివాన్ బహిరంగంగానే చెప్పాడు. 1891లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాక్సన్ జేమ్స్ కార్బెట్‌తో 61 రౌండ్లు పోరాడాడు. నాలుగు గంటలు గడిచినా ఎవరూ గెలవలేదు. మరుసటి ఏడాది ఆ కార్బెట్టే సల్లివాన్‌ను ఓడించి చాంపియన్ అయ్యాడు. జాక్సన్‌కు టైటిల్ పోటీ ఎన్నడూ దక్కలేదు. ర్యాంకుల జాబితాల్లో సల్లివాన్ పేరు తప్పక కనిపిస్తుంది. జాక్సన్ పేరు మీలో ఎంతమంది విన్నారు?

ఈ అడ్డుగోడను చరిత్రకారులు వర్ణరేఖ అంటారు. హెవీవెయిట్‌లో దాన్ని మొదట దాటినవాడు జాక్ జాన్సన్. చాంపియన్ టామీ బర్న్స్ వెంటపడి వెంటపడి, చివరికి 1908 డిసెంబరు 26న సిడ్నీలో అతనితో తలపడ్డాడు. 14వ రౌండులో పోలీసులు పోటీని ఆపేశారు. కెమెరాను కూడా ఆపించారు. తెల్లజాతి చాంపియన్ కుప్పకూలే దృశ్యం ఫిలిం మీద మిగలకూడదన్నమాట. 1910 జులై 4న రెనోలో, రిటైరైన జెఫ్రీస్‌ను బతిమాలి రింగ్‌లోకి తెచ్చి జాన్సన్ మీదికి వదిలారు. జాన్సన్ 15వ రౌండులో గెలిచాడు. ఆ వార్తతో అమెరికాలో అనేక పట్టణాల్లో నల్లవాళ్ల మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ పోటీ ఫిలింను చాలాచోట్ల నిషేధించారు. 1912లో బాక్సింగ్ ఫిలింలను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించకూడదని ఏకంగా చట్టమే చేశారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పాత బాక్సర్ల ఫిలిం దొరకడం లేదని మనం విచారిస్తాం. ఆ లోటులో కొంత కాలం చేసినది, కొంత చట్టం చేసినది.

కథ ఇంతటితో సరళంగా ముగియదు. చాంపియన్ అయ్యాక జాన్సన్ కూడా గట్టి నల్లజాతి ప్రత్యర్థులకు తలుపు మూశాడు. 1913లో పారిస్‌లో బ్యాట్లింగ్ జిమ్ జాన్సన్‌తో తలపడటం ఒక్కటే మినహాయింపు. తెల్లజాతి ప్రత్యర్థితో పోరాడితే వచ్చే డబ్బు ఎక్కువ, ముప్పు తక్కువ. దాన్ని ద్రోహం అనాలా, వ్యాపారం అనాలా? వర్ణరేఖ ఎంత లోతుగా పనిచేసిందో దీన్నిబట్టి తెలుస్తుందన్నది నా అభిప్రాయం. దాన్ని దాటినవాడి జమాఖర్చులను కూడా అదే నిర్ణయించింది.

అలా బయటే నిలబడిపోయినవారిలో అగ్రగణ్యుడు శామ్ లాంగ్‌ఫర్డ్. కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టాడు. ఎత్తు సుమారు అయిదడుగుల ఏడంగుళాలు. లైట్‌వెయిట్ నుంచి హెవీవెయిట్ దాకా అన్ని బరువుల వాళ్లతోనూ పోరాడాడు. 1906లో, జాన్సన్ ఇంకా చాంపియన్ కాకముందు, అతనితో 15 రౌండ్లు పోరాడి ఓడాడు. జాన్సన్ చాంపియన్ అయ్యాక మళ్లీ అవకాశం ఇవ్వలేదు. తెల్లజాతి చాంపియన్ల నుంచి ఎలాగూ రాలేదు. కాబట్టి లాంగ్‌ఫర్డ్ తనలాగే బయట ఉండిపోయిన హ్యారీ విల్స్, జో జెనెట్‌లతో ఒక్కొక్కరితో పదిసార్లకు పైగా తలపడవలసి వచ్చింది. ఆ పట్టికను చూసినవారు "ఇన్ని ఓటములా!" అంటారు. ఆ ఓటములు ఎవరి చేతిలో వచ్చాయి? తన కాలపు అత్యుత్తముల చేతిలో, పదే పదే, చూపు మందగిస్తున్నా కూటి కోసం పోరాడుతూ. 1944లో ఒక న్యూయార్క్ విలేఖరి వెతికితే, చూపు పూర్తిగా పోయిన లాంగ్‌ఫర్డ్ హార్లెమ్‌లో ఒక గదిలో పేదరికంలో కనిపించాడు.

1915లో జాన్సన్ హవానాలో జెస్ విల్లార్డ్ చేతిలో ఓడాడు. ఆ తర్వాత 22 ఏళ్లు, అంటే 1937లో జో లూయిస్ వచ్చేదాకా, ఒక్క నల్లజాతి బాక్సర్‌కూ హెవీవెయిట్ టైటిల్ పోటీ దక్కలేదు. ఆ మధ్యకాలపు చాంపియన్లలో పేరుమోసినవాడు జాక్ డెంప్సీ. హ్యారీ విల్స్‌తో అతని పోటీ మాటల్లోనే మిగిలిపోయింది. డెంప్సీ భయపడ్డాడని నేను అనను. ఆ పోటీని ప్రమోటర్లు, అధికారులు జరగనివ్వలేదు. అయినా డెంప్సీని జాబితాలో పైన పెట్టేవారు విల్స్ ఖాళీని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పట్టికను ఎంతవరకు నమ్మాలి?

వివక్ష లేనిచోట కూడా పట్టిక చిక్కులు పెడుతుంది. న్యూయార్క్‌లో 1911 నుంచి 1917 వరకు అమలైన చట్టం ప్రకారం, నాకౌట్ లేకుండా ముగిసిన పోటీలో విజేతను ప్రకటించకూడదు. మరునాటి పత్రికల్లో విలేఖరులు రాసినదే తీర్పు. ఒకే పోటీకి ఒక పత్రిక ఒకరిని, మరో పత్రిక మరొకరిని గెలిపించిన సందర్భాలున్నాయి. ఆ కాలపు అంకెల్లో ఎంత భాగం పత్రికల అభిప్రాయమో చూడకుండా వాటిని ఉటంకించకండి.

హ్యారీ గ్రెబ్ సంగతి మరీ చిత్రం. సుమారు 300 పోటీలు చేశాడు, చాలాకాలం ఒంటికంటి చూపుతో. తర్వాతి కాలంలో డెంప్సీని రెండుసార్లు ఓడించిన జీన్ టన్నీ, తన జీవితం మొత్తంలో ఓడింది ఒక్కసారే. అది 1922లో గ్రెబ్ చేతిలో. అయితే గ్రెబ్ పోరాడుతున్న ఫిలిం ఒక్కటీ మనకు మిగలలేదు. వ్యాయామం చేస్తున్న దృశ్యాలు మాత్రమే ఉన్నాయి. కళ్లతో చూడందే నమ్మననే విశ్లేషకుడు అతన్ని కిందకు దించుతాడు. పత్రికలు చదివే చరిత్రకారుడు పైకి ఎత్తుతాడు.

ఇక మోసం కూడా ఉంది. 1922లో నాట్ ఫ్లైషర్ స్థాపించిన 'ది రింగ్' పత్రిక ర్యాంకులను బాక్సింగ్ లోకం శాసనంలా చూసేది. ఫ్లైషర్ మరణించిన అయిదేళ్లకు, 1977లో, ఒక టెలివిజన్ టోర్నమెంటు కోసం కొందరు బాక్సర్ల ఖాతాలో జరగని పోటీలను జరిగినట్టు ఆ పత్రిక రికార్డుల్లో చేర్చారని బయటపడింది. టోర్నమెంటు మధ్యలో ఆగిపోయింది. ఫ్లైషర్ తీర్పులను కూడా గుడ్డిగా తీసుకోలేం. హెవీవెయిట్లలో జాక్ జాన్సన్‌కు మొదటి స్థానం ఇచ్చాడు, అలీకి తొలి పదిమందిలో చోటే ఇవ్వలేదు. ఇది జాతి ద్వేషం కాదని జాన్సన్ పేరే చెబుతోంది. తన యౌవనంలో చూసిన ఆట మీద మమకారం అనుకోవచ్చు. మన ఇళ్లలో పెద్దవాళ్లు పాత సినిమాల గురించి మాట్లాడే తీరు మీకు తెలిసిందే!

ఇంతకీ ఎవరు?

తప్పించుకోకుండా చెప్పమంటే, నా ఓటు షుగర్ రే రాబిన్సన్‌కు. బరువు తేడాలను పక్కనపెట్టి పోల్చే 'పౌండ్ ఫర్ పౌండ్' అన్న మాట అతని పేరుతోనే ప్రచారం పొందింది. 1951 జులైలో లండన్‌లో రాండీ టర్పిన్ చేతిలో ఓడేనాటికి సుమారు 130 పోటీలు చేశాడు. అప్పటివరకు అతనికి ఉన్నది ఒకే ఒక ఓటమి. అదీ 1943లో తనకన్నా సుమారు 16 పౌండ్లు ఎక్కువ బరువున్న జేక్ లమోటా చేతిలో. మూడు వారాలకే అతనితో మళ్లీ తలపడి గెలిచాడు. మొత్తం ఆరు పోటీల్లో లమోటా గెలిచింది ఆ ఒక్కటే. రాబిన్సన్ జీవితకాలపు 19 ఓటముల్లో సగం దాకా నలభై ఏళ్లు నిండాక వచ్చినవే. ఒక్క ఓటమీ లేని మార్సియానోను 19 సార్లు ఓడినవాడి కింద పెట్టడానికి నా కారణం ఇది: ఎవరితో, ఏ వయసులో, ఏ బరువులో అని అడిగితే ఆ రెండు అంకెల అర్థం మారిపోతుంది.

హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అభిమానులు నాతో వాదించవచ్చు. ఎనిమిదే బరువు తరగతులున్న 1938లో అతను మూడు టైటిళ్లను ఒకేసారి చేతబట్టాడు. నేడు 17 తరగతులు, నాలుగు ప్రధాన సంస్థలు, ఒక్కో తరగతిలో నలుగురి దాకా చాంపియన్లు! కాబట్టి ఇప్పటి టైటిళ్ల సంఖ్యను అప్పటి సంఖ్యతో నేరుగా పోల్చలేం. 'ది రింగ్' 2002లో ప్రకటించిన జాబితాలో రాబిన్సన్ మొదట, ఆర్మ్‌స్ట్రాంగ్ రెండు, అలీ మూడు. అది పత్రిక పుట్టాక గడిచిన 80 ఏళ్లకే పరిమితమైన జాబితా. లాంగ్‌ఫర్డ్ ఉత్తమ పోరాటాలు ఆ గీతకు ఇవతలే జరిగిపోయాయి. మహిళల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒలింపిక్స్ వారికి రింగ్ తెరిచిందే 2012లో.

రాబిన్సన్ పక్కన కూడా ఒక ఖాళీ ఉంది. పిట్స్‌బర్గ్‌కు చెందిన చార్లీ బర్లీ అదే బరువుల్లో, అదే కాలంలో పోరాడాడు. 1940లో వెల్టర్‌వెయిట్ చాంపియన్ అయిన ఫ్రిట్జీ జివిచ్‌ను అంతకుముందే రెండుసార్లు ఓడించాడు. 1944లో ఆర్చీ మూర్‌ను ఓడించాడు. టైటిల్ పోటీ ఒక్కటీ రాలేదు. రాబిన్సన్‌తో పోటీ జరగనే లేదు. తర్వాత బర్లీ పిట్స్‌బర్గ్ నగరంలో చెత్త ఎత్తే పనిలో చేరాడు.

అభ్యాసంగా మీరు ఒక పని చేయండి. ఏదైనా ఒక చాంపియన్‌ను తీసుకుని, టైటిల్ అతని చేతిలో ఉన్న ఏళ్లలో ఎవరితో తలపడ్డాడో ఒక పక్కన రాయండి. అదే ఏళ్లలో ముందువరుసలో ఉండి అతనితో తలపడనివారి పేర్లు రెండో పక్కన రాయండి. ఒక్కో పేరు ఎదుట ఆ పోటీ ఎందుకు జరగలేదో కారణం రాయండి: గాయమా, డబ్బా, చట్టమా, వర్ణమా? ఆ తర్వాతే అతనికి ర్యాంకు ఇవ్వండి. రెండో పక్క ఖాళీగా ఉన్న చాంపియన్ దొరికితే, మీ సంప్రదింపు తరగతిలో అతని పేరు చెప్పండి.