హత్యల పట్టిక – మా మొగల్తూరు

2017 మార్చి 30న మా మొగల్తూరు దగ్గర వొక రొయ్యల ఫ్యాక్టరీలో తొట్టి శుభ్రం చేయటానికి దిగిన ఐదుగురు కూలీలు విషవాయువు పీల్చి చనిపోయారు. దేశపు నేరాల పట్టికలో వీరిది ఏ గడి? యీ ప్రశ్న నన్ను చాలాకాలం వదలలేదు.

కేంద్ర ప్రభుత్వం యీ పట్టికలను 1953 నుంచి వెలువరిస్తున్నది. 1986లో నేర రికార్డులకు ప్రత్యేకంగా వొక జాతీయ సంస్థ ఏర్పడింది. ప్రమాద మరణాలకు, ఆత్మహత్యలకు వేరే సంపుటం వున్నది. రెంటికీ ముడిసరుకు మాత్రం వొకటే: ఠాణా రైటరు రాసిన కాగితం. హత్య అని రాస్తే మొదటి పుస్తకం. అనుమానాస్పద మృతి అని రాసి వూరుకుంటే రెండవది. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యేదాకా వూళ్లో అసహజ మరణాన్ని ఠాణాకు తెలియజేయవలసినవాడు మునసబు. మునసబు చాలాచోట్ల భూమి వున్న ఇంటివాడే. కూలివాడి చావు ఆయన గడప దాటితేగాని లెక్కకెక్కదు.

తొట్టిలో చచ్చినవాడి వొంటిమీద కత్తిపోటు వుండదు. నిర్లక్ష్యంవల్ల మరణమంటే పాత శిక్షాస్మృతిలో 304-ఏ, 2024 జులై 1 నుంచి అమలైన కొత్త సంహితలో 106. హత్యల మొత్తంలో అది కలవదు. యజమానికి ప్రమాదం ముందే తెలుసునా అన్నది కోర్టు ఎప్పుడో తేలుస్తుంది; ఈలోగా ఆ ఏటి పుస్తకం అచ్చయిపోతుంది.

హత్య గడికయినా శవం కావాలి. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కట్టి కాలవలో పడవేశారు. అవి దొరక్కపోతే వారు తప్పిపోయినవారి జాబితాలో మిగిలేవారు.

ఎన్‌కౌంటర్ల సంగతి మరీ విచిత్రం. చచ్చినవాడిమీదనే హత్యాయత్నం కేసు రాస్తారు. ముద్దాయి మరణించాడు గనుక దాన్ని మూసివేస్తారు! ఆ మనిషి పట్టికలో వుంటాడు, కాని హతుడుగా కాదు, ముద్దాయిగా. యిటువంటి ప్రతి మరణానికీ కేసు నమోదు చేయాలని 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు దాని అమలును ఆపివేసింది.

అయితే యీ లెక్కలన్నీ బూటకమని కొట్టిపారేసే మిత్రులతో నేను ఏకీభవించను. దొంగతనాన్ని దాచినంత తేలిగ్గా శవాన్ని దాచలేరు. వున్న లెక్కల్లో హత్యల లెక్కే కాస్త నమ్మదగింది. నమోదు పెరిగినంత మాత్రాన నేరం పెరిగినట్లు కాదని ఆ సంస్థే తన పుస్తకంలో హెచ్చరిస్తుంది. పంచాయతీ మరణాల రిజిస్టరు, ఆసుపత్రి శవపరీక్షల పుస్తకం, ఠాణా రికార్డు, యీ మూడింటినీ వొకే ఏడాదికి పక్కపక్కన పెట్టి చూడమని విద్యార్థులను కోరుతున్నాను. ప్రతి వూళ్లోనూ యిది చేయవచ్చు. మొగల్తూరుకు నేను 2017తో మొదలుపెట్టాను.