సమ్మక్క: ఒక పేరు వెనుక చరిత్ర

తాడ్వాయి, ఏటూరునాగారం అడవి పల్లెల్లో మన నాయనమ్మల తరంలో సమ్మక్క, సారక్క అనే పేర్లు ఇంటింటా వినిపించేవి. వాళ్ల మనవరాళ్ల తరగతి హాజరుపట్టీలో ఆ పేర్లు వెతుక్కోవాల్సి వస్తోంది. పిల్లలకు కొత్త పేర్లు పెట్టుకోవడం తప్పు కాదు. అయితే పాత పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండానే దాన్ని వదిలేస్తే, మన చరిత్రలో ఒక పుటను చేజేతులా చించుకున్నట్టే.

మన పెద్దలు చెప్పే కథ ఇది. అడవికి వెళ్లిన కోయలకు పులుల మధ్య ఆడుకుంటున్న ఒక పాప కనిపించింది. గూడేనికి తెచ్చి పెంచి, సమ్మక్క అని పేరు పెట్టారు. ఆమె పగిడిద్దరాజును పెళ్లాడింది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న ఆమె పిల్లలు. కాకతీయ ప్రతాపరుద్రుని కాలంలో కరువు వచ్చింది. కప్పం కట్టలేమన్నందుకు సైన్యం మేడారం మీదికి వచ్చింది. పోరులో అందరూ నేలకొరిగారు. జంపన్న దూకిన సంపెంగ వాగు జంపన్న వాగు అయింది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనిపించకుండా పోయింది. వెతికిన వాళ్లకు దొరికింది కుంకుమ భరిణె ఒక్కటే.

అందుకే మేడారం గద్దెల మీద విగ్రహం ఉండదు. కుంకుమ భరిణె, వెదురు కర్రలే అమ్మవారి గుర్తులు. రూపం లేని ఆ తల్లిని మనవాళ్లు పేరులో దాచుకున్నారు. జాతరలో మొక్కుకున్నాక పుట్టిన ఆడపిల్లకు సమ్మక్క అనో సారక్క అనో, మగపిల్లాడికి సమ్మయ్య అనో సారయ్య అనో పేరు పెట్టారు. మొక్కు తీరినందుకు నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూచి ఇవ్వడం ఒక ఎత్తు. బిడ్డకు ఆ పేరు పెట్టుకోవడం మరో ఎత్తు. బెల్లం ఆ జాతరతో అయిపోతుంది, పేరు బతికినన్నాళ్లూ ఉంటుంది.

ఈ పేరుకు అర్థం ఏమిటని పిల్లలు అడుగుతారు. 'అక్క' అనే మాట అందరికీ తెలిసిందే. దేవి అనో రాణి అనో కాకుండా అక్క అన్నారంటే ఆమె మన ఇంటి మనిషి అనే. మిగతా అర్థం నిఘంటువులో కాదు, ఆమె బతుకులో వెతకాలి. కట్టలేని కప్పాన్ని కట్టం అన్న మనిషి పేరు అది.

ఈ పేరు గూడెం దాటి కూడా వెళ్లింది. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో గిరిజనేతరుల ఇళ్లలోనూ సమ్మక్కలు, సమ్మయ్యలు ఉన్నారు. సమ్మిరెడ్డి అనే పేరూ అక్కడిదే. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి జరిగే జాతరకు ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, ఒడిశాల నుంచీ జనం వస్తారు. 1996లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగగా గుర్తించింది. గోదావరి మీద తుపాకులగూడెం వద్ద కట్టిన బ్యారేజీకి సమ్మక్క పేరు పెట్టారు. 2023లో పార్లమెంటు చేసిన చట్టంతో ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పడింది. జాతరలో సారలమ్మ అని పిలుచుకునే బిడ్డ ఆ చట్టంలో సారక్క అయింది. రెండూ మన నోటి మాటలే.

విశ్వవిద్యాలయం బోర్డు మీద గౌరవంగా కనిపించే పేరు, తరగతి గదిలో ఒక అమ్మాయిని పిలిచినప్పుడు ఎందుకు నవ్వు తెప్పించాలి? పాత పేరు, జాతర పేరు అని తోటి పిల్లలు వెక్కిరిస్తే ఆ అమ్మాయి పదో తరగతికి వచ్చేలోపే పేరు మార్చుకోవాలనుకుంటుంది. అలా పోయేది ఒక్క పేరు కాదు. ఆ పేరు ఎందుకు పెట్టారో చెప్పే ఇంటి కథ కూడా దానితోపాటే పోతుంది.

ఉపాధ్యాయ మిత్రులకు మా విన్నపం ఒక్కటే. బడిలో చేర్చుకునేటప్పుడు ఇంట్లో పిలిచే పేరునే రాయండి, నాగరికంగా ఉంటుందని మార్చకండి. ఆ పేరున్న పిల్ల మీ తరగతిలో ఉంటే మేడారం పాఠాన్ని ఆమె పేరుతోనే మొదలుపెట్టండి. యువతీయువకులారా, మీ నాయనమ్మకు ఆ పేరు ఎవరు పెట్టారో, ఏ మొక్కుకు పెట్టారో అడిగి రాసిపెట్టండి. డోలి కొట్టి మన వంశాల కథలు పాడే పెద్దలు తగ్గిపోతున్నారు. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఇప్పుడు మన మధ్య లేరు. రాజులు తమ పేర్లను రాళ్ల మీద చెక్కించుకున్నారు. మనవాళ్లు బిడ్డలకు పెట్టుకున్నారు. ఆ పేర్లను నిలుపుకోవలసింది మనమే.